‘మరి మీరు?’ అని అడగడం దగ్గరే స్పానిష్ మొదలవుతుంది

2023 అక్టోబరు. డాలస్ పక్కన ఇర్వింగ్‌లో మా అబ్బాయి వాళ్ళ అపార్ట్‌మెంటు వెనక ఒక చిన్న పార్కు ఉంది. రోజూ సాయంత్రం మా మనవణ్ణి తీసుకుని అక్కడికి వెళ్ళేదాన్ని. అదే వేళకి ఒకావిడ తన మనవరాలితో వచ్చేది. పిల్లలిద్దరూ ఒకే జారుడుబల్ల మీద ఆడుకునేవాళ్ళు. మేమిద్దరం ఒకే బెంచీ మీద కూర్చునేవాళ్ళం. ఆమెది మెక్సికో. నా వయసే ఉంటుంది. ఆమెకి ఇంగ్లీషు నాలుగు ముక్కలు వచ్చు. నాకు అంతకంటే కాస్త ఎక్కువే వచ్చు గానీ, ఆ ఎక్కువతో ఆమెకి పనిలేదు.

నాలుగో రోజో ఐదో రోజో ఆమె చేతిలో అల్లిక పక్కన పెట్టి, నా వైపు తిరిగి మూడు ప్రశ్నలు అడిగింది. మొదటిది నా పేరు. తన గుండె మీద చెయ్యి పెట్టుకుని తన పేరు చెప్పి, ఆ చెయ్యి నా వైపు చూపించింది కాబట్టి అర్థమైంది. రెండోది పిల్లలెంతమంది అని. వేళ్ళు మడిచి చూపించింది కాబట్టి అదీ అర్థమైంది. మూడోదానికి సైగ సరిపోలేదు. చెయ్యి పార్కు దాటి ఎక్కడికో దూరంగా ఊపి ఒక మాట అంది. ‘ఎస్త్రాఞా’ అన్నట్టు వినిపించింది. ఆ ‘ఞ’ మాత్రం స్పష్టంగా వినిపించింది. ముప్పై ఏళ్ళు హైస్కూల్లో తెలుగు చెప్పిన నేను, జ్ఞానంలోనో విజ్ఞానంలోనో ఒత్తు కింద తప్ప విడిగా పలకగా వినని అక్షరం అది. మాట అర్థం కాలేదు. తల ఊపి నవ్వాను. ఆమె కాసేపు నా మొహంలోకి చూసి మళ్ళీ అల్లిక అందుకుంది.

అర్థం కాకుండా తల ఊపినందుకు ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. మనిషి మనసుపెట్టి అడిగిన మాటకి నేను అబద్ధం చెప్పినట్టే కదా. ఆరు నెలల గడువు అయిపోయి విజయవాడ తిరిగొచ్చాక స్పానిష్ నేర్చుకోవాలని పట్టుబట్టింది అందుకే.

మా అబ్బాయి ఫోన్లో అన్నాడు, “అమ్మా, ముందు ఇంగ్లీషు ఇంకొంచెం బాగా నేర్చుకో, అది అందరితో పనికొస్తుంది కదా” అని. వాడి మాటలో తప్పు లేదు. కానీ అమెరికాలో ఇళ్ళలో స్పానిష్ మాట్లాడుకునేవాళ్ళు 4 కోట్లకు పైనే ఉన్నారు. టెక్సస్ 1836 దాకా మెక్సికోలో భాగమే. అక్కడ పగటిపూట పార్కుల్లో, బస్టాపుల్లో, అపార్ట్‌మెంట్ల మెట్ల మీద తీరిగ్గా కనిపించే నా వయసు ఆడవాళ్ళలో చాలామంది ఆ భాషవాళ్ళే. ఇంగ్లీషు వచ్చినవాళ్ళు ఆఫీసుల్లో ఉంటారు. పిల్లల్ని చూసుకోడానికి వెళ్ళే మనలాంటి అమ్మమ్మలకీ నాయనమ్మలకీ ఆ ఆరు నెలల్లో కావలసింది పక్కన కూర్చునే మనిషి. ఆ మనిషి భాష స్పానిష్ అయితే, నేను స్పానిష్ నేర్చుకోవాలి.

ఊళ్ళో నేర్పే చోటు కోసం వెతికి, బందరు రోడ్డు వైపు ఒక సెంటర్లో చేరాను. తోటివాళ్ళంతా ఇరవై ఏళ్ళ పిల్లలు. నన్ను ‘ఆంటీ’ అంటూ ఎంతో ఆదరంగా చూసుకున్నారు. మొదటి పాఠం ‘వ్యక్తిగత వివరాలు’. పేరు, వయసు, ఊరు, పని, పెళ్ళి, ఫోన్ నంబరు. బోర్డు మీద ఆరు వాక్యాలు రాశారు. ‘మె యామో హువాన్. సోయ్ దె మద్రీద్. తెంగో బేయింతె ఆఞోస్.’ నా పేరు హువాన్, మాది మాద్రిద్, నాకు ఇరవై ఏళ్ళు. అందరం కలిసి పదిసార్లు చదివాం. ఇంటికెళ్ళి వల్లె వేసుకొచ్చి, మర్నాడు ఒక్కొక్కరే లేచి నిలబడి అప్పజెప్పాం. పేరు మాత్రం ఎవరిది వాళ్ళు మార్చుకోవచ్చన్నారు. చివరి పిల్లవాడు కూర్చోగానే పాఠం అయిపోయిందన్నారు. రెండో పాఠం రంగుల పేర్లు.

నా అభ్యంతరం ఇక్కడే. ఇరవై మంది లేచి ఇరవై పరిచయాలు చెప్పారు, ఒక్కరు కూడా ఇంకొకర్ని ఏమీ అడగలేదు. పక్క కుర్చీ అమ్మాయిది ఏ ఊరో నాకు తెలియకుండానే పాఠం ముగిసింది. పరిచయం అప్పజెప్పేది కాదు, ఇచ్చిపుచ్చుకునేది. అడగడం రానివాడికి చెప్పడం వచ్చినా అది పరిచయం కాదు.

ఈ అలవాటు ఎక్కణ్ణుంచి వచ్చిందో మన ఊరివాళ్ళకి తెలుసు. విజయవాడ, గుంటూరు అంటే రాష్ట్రమంతటికీ కార్పొరేట్ కాలేజీల ఊళ్ళు. ఇంజనీరింగ్ పూర్తయ్యే వేళకి ప్రతి పిల్లా పిల్లాడికీ ‘సెల్ఫ్ ఇంట్రడక్షన్’ అని ఒక పేరా కంఠతా వచ్చి ఉంటుంది. ఇంటర్వ్యూ టెన్షన్‌లో అది పనికి రావచ్చు. అక్కడ ఒకరు అడుగుతారు, ఇంకొకరు చెబుతారు. అడిగేవాళ్ళది పైచెయ్యి. కానీ పార్కు బెంచీ మీద ఇద్దరిదీ సమానమైన చోటు. ఇంటర్వ్యూ కోసం తయారైన పేరాని బెంచీ మీదికి తెస్తే ఎదుటి మనిషి వినేసి ఊరుకుంటుంది.

ఇది నా ఒక్కదాని చాదస్తం కాదు. భాష ఎంతవరకు వచ్చిందో కొలవడానికి యూరప్ కౌన్సిల్ 2001లో ప్రచురించిన ప్రమాణాల్లో అన్నిటికంటే కింది మెట్టు ఏ1. ఆ మెట్టు మీదున్నవాళ్ళకి ఏం రావాలో అందులో రాసి ఉంది. తమని పరిచయం చేసుకోవాలి, ఇంకొకర్ని పరిచయం చెయ్యాలి. ఎక్కడ ఉంటారు, ఎవరెవరు తెలుసు, ఏమేం ఉన్నాయి అనే వివరాలు అడగాలి, అడిగితే చెప్పాలి. ఎదుటివాళ్ళు నెమ్మదిగా, స్పష్టంగా మాట్లాడుతూ సాయం చేస్తే మాట నడపగలగాలి. అడగడం చెప్పడం కంటే ముందే ఉంది చూడండి. ఎదుటి మనిషి సాయం కూడా ఆ కొలతలో భాగమే. అంటే ఒంటరిగా నిలబడి చెప్పేదాన్ని ఆ మెట్టుకి ఎవరూ అడగలేదు.

అందుకే స్పానిష్‌లో ముందు నేర్వాల్సిన మాట ‘మె యామో’ కాదంటాను. ‘ఇ ఉస్తెద్?’ నేర్చుకోవాలి. ‘మరి మీరు?’ అని. చిన్నవాళ్ళయితే, చనువున్నవాళ్ళయితే ‘ఇ తూ?’, ‘మరి నువ్వు?’ రెండే మాటలు. ఇవి వచ్చిన మనిషి వచ్చీరాని భాషతో కూడా అరగంట మాట్లాడగలదు. ఎందుకంటే మన జవాబు అయిపోగానే బంతి అవతలివాళ్ళ చేతిలోకి వెళ్తుంది. వాళ్ళు చెప్పే జవాబులోంచి మనకి తర్వాతి వాక్యం దొరుకుతుంది. ఆ మెక్సికో ఆవిడ ‘సోయ్ దె సకతేకాస్’ అంటే, ‘సోయ్ దె’ అంటే ‘మాది ఫలానా ఊరు’ అని ఆమె దగ్గరే నేర్చుకుని ‘సోయ్ దె విజయవాడ’ అనొచ్చు. వీటికి తోడు ‘మాస్ దెస్పాస్యో, పోర్ ఫాబోర్’, కొంచెం నెమ్మదిగా చెప్పండి అనేది కూడా మొదటి రోజే రావాలి. అది తెలిసి ఉంటే నేను ఆ రోజు తల ఊపేదాన్ని కాదు.

సెంటర్లో ఇంకొకటి గమనించాను. పిల్లలు ‘తెంగో’ అనే మాటని ‘టెంగో’ అంటున్నారు. ‘దోందె’ని ‘డొండె’ అంటున్నారు. ఇంగ్లీషు అక్షరాల్లో రాసి చూసుకుంటున్నారు కాబట్టి ఇంగ్లీషు నోటితో పలుకుతున్నారు. స్పానిష్‌లో ఉన్నవి మన త, మన ద. నాలిక పళ్ళకి తగిలించి పలికేవే. ప, క కూడా ఇంగ్లీషువాళ్ళలా ఊపిరి ఊది పలకరు, మనలాగే పొడిగా పలుకుతారు. అచ్చులు ఐదే, అ ఎ ఇ ఒ ఉ, ఎక్కడ రాసినా ఒకేలా పలుకుతాయి. ఇంత దగ్గరి దారి ఉండగా స్పానిష్‌ని ఇంగ్లీషు మీదుగా నేర్పడం, బెజవాడ నుంచి తెనాలి వెళ్ళాల్సినవాళ్ళని హైదరాబాదు మీదుగా పంపడం లాంటిది.

నేను నోట్సు తెలుగు లిపిలో రాసుకోవడం మొదలుపెట్టాను. రాస్తుంటే, మనం వాడక మానేసిన అక్షరాలు ఒక్కొక్కటే పనిలోకి వచ్చాయి. ‘ఆఞోస్’ అంటే ఏళ్ళు. అక్కడ ‘న’ అంటే మాట మారి చెప్పకూడని అర్థం వస్తుంది, కాబట్టి ‘ఞ’ ఉండి తీరాలి. ‘పెరో’ అంటే కానీ, ‘పెఱ్ఱో’ అంటే కుక్క. ఇంగ్లీషులో ఆ తేడా రాయడానికి అక్షరాన్ని రెట్టించడం తప్ప దారి లేదు. మనకి బండి ‘ఱ’ ఉంది. ర, ఱ ఒకప్పుడు వేరు ధ్వనులు, పాత కవులు ప్రాసలో రెండిటినీ కలపరు అని ఏటా పిల్లలకి చెప్పాను. చెబుతున్నప్పుడు వాళ్ళకే కాదు, నాకూ అది పరీక్షలో ఒక మార్కు ప్రశ్నే. అరవై దాటాక, ఇంకో భాషలో కుక్కకీ ‘కానీ’కీ మధ్య ఆ తేడా సజీవంగా వినిపించినప్పుడు నాకు కళ్ళు చెమర్చాయి.

వ్యాకరణం దగ్గర ఈ చుట్టరికం ఇంకా ఎక్కువ. ‘సోయ్ మాయెస్త్రా’ అంటే ‘టీచర్‌ని’. ‘నేను’ అనక్కర్లేదు, ‘సోయ్’లోనే నేను ఉన్నాను. మన ‘టీచర్‌ని’లోని ‘ని’ చేసే పని అదే. ఇంగ్లీషువాళ్ళకి ‘ఐ’ లేకుండా గడవదు. ఇంగ్లీషు మీదుగా నేర్చిన పిల్లలు ప్రతి వాక్యం ముందు ‘యో, యో’ అంటూ ‘నేను, నేను’ అన్నట్టు మాట్లాడుతున్నారు. ‘మె గుస్తా ఎల్ కఫే’ అంటే నాకు కాఫీ ఇష్టం. ‘నాకు’తో మొదలయ్యే వాక్యం మనకి పుట్టుకతో వచ్చినది. వయసు చెప్పేటప్పుడు ఇంగ్లీషు అలవాటుతో ‘నేను ఇరవై’ అన్నట్టు ‘సోయ్ బేయింతె’ అంటారు, అది తప్పు. ‘తెంగో’ అనాలి. నాకు ఇద్దరు పిల్లలున్నారు, నాకు అరవై రెండేళ్ళున్నాయి, రెండిటికీ మనం ‘నాకు ఉన్నాయి’ అన్నట్టే వాళ్ళు రెండిటికీ ఒకే ‘తెంగో’ వాడతారు.

ఈ ‘మాయెస్త్రా’ గురించి ఒక మాట. మన ఇళ్ళు కట్టే తాపీ మేస్త్రి పోర్చుగీసు ‘మెస్త్రె’ నుంచి వచ్చాడు. అదీ, స్పానిష్ ‘మాయెస్త్రో’ కూడా లాటిన్‌లో ఒకే మాటకి పిల్లలు. ముప్పై ఏళ్ళు బళ్ళో నేను చేసింది కూడా మేస్త్రి పనే అని అప్పుడు తెలిసింది.

మీరు, నువ్వు సంగతి. ‘ఉస్తెద్’ అంటే మీరు, ‘తూ’ అంటే నువ్వు. ఇంగ్లీషు పుస్తకాలు దీనికి నాలుగు పేజీల వివరణ ఇస్తాయి. మన పిల్లలు ఇంగ్లీషులో చదివి దాన్ని కష్టమనుకుంటారు. మనకి ఒక్క వాక్యం చాలు. ఇంకా చెప్పాలంటే ‘ఉస్తెద్’ పుట్టింది ‘బ్వెస్త్రా మెర్సెద్’ నుంచి, ‘తమ దయ’ అనే అర్థంలో. అందుకే దాని పక్కన క్రియ ‘ఆయన, ఆమె’లకి వచ్చేదే వస్తుంది. ‘దొరవారు ఎప్పుడొచ్చారు?’ అని ఎదుటి మనిషినే అడిగే పద్ధతి మనకి తెలియనిది కాదు.

ఇక పరిచయంలో నన్ను చాలా రోజులు ఆలోచనలో పెట్టిన ప్రశ్న ఇంటిపేరుది. చాలా స్పానిష్ దేశాల్లో మనిషికి రెండు ఇంటిపేర్లు. ‘అపెయీదోస్’ అంటారు. మామూలుగా మొదటిది తండ్రి నుంచి, రెండోది తల్లి నుంచి. మన పాఠకులకి బాగా తెలిసిన గాబ్రియేల్ గార్సియా మార్కెస్ పేరులో గార్సియా తండ్రిది, మార్కెస్ తల్లిది. చిత్రకారుడు పికాసో తండ్రి ఇంటిపేరు రూయిస్, పికాసో అన్నది తల్లి ఇంటిపేరు. లోకమంతా ఆయన్ని తల్లి పేరుతోనే పిలుస్తోంది. పెళ్ళయితే ఆడవాళ్ళ ఇంటిపేరు మారదు. స్పెయిన్‌లో తల్లిదండ్రులు ఒప్పుకుంటే తల్లి ఇంటిపేరే ముందు పెట్టుకునే వీలు 1999లో చట్టం కల్పించింది.

ఇది తెలిసిన రోజు నేను నోట్సులో నా రెండు ‘అపెయీదోస్’ రాసుకున్నాను. మా నాన్న ఇంటిపేరు, మా అమ్మ పుట్టింటి ఇంటిపేరు. మా నాన్న ఇంటిపేరు నా పదో తరగతి సర్టిఫికెట్టులో ఉండి, ఉద్యోగం కాగితాల్లో లేకుండా పోయింది. మా అమ్మ పుట్టింటి పేరయితే ఏ కాగితం మీదా లేదు. అది గుర్తు చేసుకోడానికి తెనాలిలో ఉన్న మా మేనమామగారికి ఫోన్ చేశాను. ‘ఇప్పుడెందుకే ఆ పేరు?’ అన్నారు ఆయన. ‘నా పేరు చెప్పుకోడానికి మావయ్యా’ అన్నాను. ఒక భాష పుస్తకంలో ఒకటో పాఠం, రెండో ప్రశ్న. దానికి నిజమైన జవాబు కోసం నేను మా అమ్మ పుట్టింటి దాకా వెళ్ళాల్సి వచ్చింది. హువాన్, మాద్రిద్ అని వల్లె వేసి ఉంటే ఈ ఫోన్ చేసేదాన్నే కాదు. సొంత వివరాలతోనే నేర్చుకోవాలి అని నేను పట్టుబట్టేది అందుకే.

ఇక్కడ ఒక ఒప్పుకోలు కూడా చెయ్యాలి. మన దగ్గర ‘ఇంటిపేరేంటండీ?’ అనే ప్రశ్న చాలాసార్లు ఇంటిపేరు కోసం అడిగేది కాదు, కులం తెలుసుకోడానికి అడిగేది. అడిగేవాళ్ళకీ తెలుసు, చెప్పేవాళ్ళకీ తెలుసు. బస్సులో పక్కన కూర్చున్నవాళ్ళని నేనూ అలా అడిగిన రోజులున్నాయి. ఇప్పుడు తెలుగులో ఆ ప్రశ్న అడగడం మానేశాను. మనకి ప్రశ్నలు అడగడం బాగా వచ్చు, అది మన బలం అని వాదిస్తూ, ఆ ప్రశ్నల్లో కొన్ని మనుషుల్ని గాయపరుస్తాయని చెప్పకపోతే న్యాయం కాదు.

గాయపరచని ప్రశ్నలూ మన దగ్గర ఉన్నాయి. పల్లెటూళ్ళో కొత్త పిల్ల కనిపిస్తే పెద్దవాళ్ళు ‘నువ్వు ఎవరమ్మాయివే?’ అంటారు. స్పెయిన్ పల్లెల్లో ముసలివాళ్ళు పిల్లల్ని అడిగే మాట సరిగ్గా ఇదే: ‘ఇ తూ, దె క్యేన్ ఎరెస్?’ మరి నువ్వు, ఎవరిదానివి? ఇది చదివినప్పుడు నేను గట్టిగా పైకి చదువుకున్నాను. ‘మీదే ఊరండీ?’ కి ‘దె దోందె ఎస్ ఉస్తెద్?’ సరిపోతుంది. మనకి సొంతూరు వేరు, ఉంటున్న ఊరు వేరు. వాళ్ళకీ ‘సోయ్ దె’ వేరు, ‘బీబో ఎన్’ వేరు. నాది గుంటూరు జిల్లాలో మిరప పండే పల్లె, ఉంటున్నది బెజవాడ. పార్కులో ఆవిడది సకతేకాస్ రాష్ట్రం. ఒకరోజు ఆమె కూతురు పార్కుకి వచ్చి ఇంగ్లీషులో చెప్పింది, వాళ్ళ తాతగారిది ‘చీలే’ సాగు అని, ఎండు మిరపకి మెక్సికోలో పేరుపడ్డ ప్రాంతమని. ఆ మిరప పుట్టిందే వాళ్ళ దేశంలో. పోర్చుగీసువాళ్ళ ఓడల మీద మన దేశానికి వచ్చి, గుంటూరు మిర్చి యార్డు దాకా చేరింది. మా నాన్న కళ్ళంలో ఎండబోసిన పంట, ఆమె తండ్రి ఎండబోసిన పంట ఒకటే. ‘దె దోందె’ అని అడిగే మాట నాకు అప్పుడే వచ్చి ఉంటే ఇది నాకు ఆమె నోటి నుంచే తెలిసేది.

పాఠ్యపుస్తకాల మీద నాకున్న పెద్ద ఫిర్యాదు ఇప్పుడు చెబుతాను. ‘ఎస్తాదో సిబిల్’ అని ఒక గడి ఉంటుంది. పెళ్ళయిందా లేదా అని. సోల్తేరా, పెళ్ళికానిది. కసాదా, పెళ్ళయినది. సెంటర్లో ఈ రెండే నేర్పారు. తర్వాతి వాక్యం ‘మి ఎస్పోసో ఎస్ ఇన్‌హెన్యేరో’, మా ఆయన ఇంజనీరు. నా వంతు వచ్చినప్పుడు నేను ఆగిపోయాను. మా ఆయన పోయి అప్పటికి నాలుగేళ్ళు. నాకు కావలసిన మాట ‘బ్యూదా’, భర్త పోయినది. నాకు కావలసిన వాక్యం ‘మి ఎస్పోసో మురియో’, మా ఆయన చనిపోయారు. ‘అది భూతకాలం ఆంటీ, పన్నెండో పాఠంలో వస్తుంది, ప్రస్తుతానికి కసాదా అనండి’ అన్నారు. చెప్పిన అబ్బాయికి నా మీద ఏ చెడ్డ ఉద్దేశమూ లేదు. కానీ నేను ఆ వాక్యం అనలేదు. ఆ తర్వాతి వారం నుంచి వెళ్ళలేదు కూడా.

ప్రాథమిక పాఠం వర్తమాన కాలంలో ఉండాలనే నియమం ఇరవై ఏళ్ళవాళ్ళ కోసం పెట్టినది. వాళ్ళకి గతం ఇంకా తక్కువ. అరవై దాటినవాళ్ళ వివరాల్లో సగం భూతకాలంలోనే ఉంటాయి. ఏం చేసేవారు, ఎక్కడ ఉండేవారు, ఎవరు పోయారు. మొదటి పాఠంలోనే ‘మురియో’ ఇవ్వాలి, ‘హుబిలాదా’ ఇవ్వాలి. రిటైరైనది అని ఆ మాటకి అర్థం, సంతోషంతో కేక వెయ్యడం అనే లాటిన్ మాట దాని మూలం. ‘బ్యూదా’ ఇవ్వాలి, విడాకులు తీసుకున్నవాళ్ళకి ‘దిబోర్సియాదా’ ఇవ్వాలి. నాలుగు మాటలు. వీటి కోసం పన్నెండో పాఠం దాకా ఎందుకు ఆగాలి? ఎవరి జీవితం వాళ్ళు నిజంగా చెప్పుకునే వీలు లేని పాఠాన్ని పరిచయం అని ఎలా అంటాం?

ఈ మాట ఎంత అవసరమో నాకు పార్కులోనే తెలిసింది. ఒక సాయంత్రం ఆమె తన ఉంగరం చూపించి, నా చేతి వైపు చూసింది. నేను ఆకాశం వైపు చూపించాను. ఆమె నా చెయ్యి పట్టుకుని ‘యో తంబ్యేన్’ అంది. ఆ రెండు మాటలకి అర్థం నాకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. నేను కూడా, అని. విజయవాడలో ఈ విషయం బయటపడగానే ఎదుటివాళ్ళ గొంతు మారిపోతుంది, పేరంటం పిలుపులు మానేస్తారు. ఆమె చెయ్యి పట్టుకుని అల్లాగే కాసేపు కూర్చుంది. చీకటి పడ్డాక పిల్లల్ని తీసుకుని ఇళ్ళకి వెళ్ళాం.

అమెరికాలో వ్యక్తిగత ప్రశ్నలు అడగకూడదు, వయసూ పెళ్ళీ అసలే అడగకూడదు అని మన పిల్లలు మనకి నేర్పి పంపిస్తారు. ఆఫీసుల్లో, కొత్తవాళ్ళ దగ్గర అది సరైన మాటే. దానికి అడ్డు చెప్పను. అయితే అడిగే ముందు తన సంగతి తాను చెప్పుకున్నవాళ్ళు అడిగితే ఆ ప్రశ్న గుచ్చుకోదు. ఆమె ముందు తన పేరు చెప్పి నా పేరు అడిగింది, ముందు తన ఉంగరం చూపించి నా చెయ్యి చూసింది. ఇచ్చి పుచ్చుకోవడం అంటే ఇవ్వడమే ముందు.

ఇప్పుడు సత్యనారాయణపురంలో మా అపార్ట్‌మెంటు మేడ మీద నలుగురం నేర్చుకుంటున్నాం. పక్క వాటా వదినగారి అమ్మాయి హ్యూస్టన్‌లో ఉంది. కింద ఫ్లాటు పిన్నిగారి కొడుకు ఫీనిక్స్‌లో. ఇంకొకావిడకి అమెరికాతో ఏ సంబంధమూ లేదు, మాతో కూర్చోవడం ఇష్టమై వస్తోంది. వారానికి రెండు రోజులు కొలంబియా నుంచి ఒక అమ్మాయి వీడియోలో పాఠం చెబుతుంది. మాకు రాత్రి ఏడున్నర అయితే బొగోతాలో పొద్దున్న తొమ్మిది. వాళ్ళ ప్రాంతంలో ఇంట్లోవాళ్ళని కూడా ‘ఉస్తెద్’ అనే అలవాటుందట. మాకు తగ్గ టీచరు దొరికింది.

మా పద్ధతి ఒకటే. ఎవరు జవాబు చెప్పినా చివర ‘ఇ ఉస్తెద్?’ అని పక్కవాళ్ళకి అందించాలి. అబద్ధపు వివరం చెప్పకూడదు. చెప్పడం ఇష్టం లేకపోతే ‘ప్రెఫియేరో నో దెసీర్’, చెప్పదలచుకోలేదు అనొచ్చు. ఫోన్ నంబరు దగ్గర అందరం తడబడ్డాం. తెలుగులో మాట్లాడుతూ కూడా మనం నంబరు ఇంగ్లీషులోనే చెబుతాం కాబట్టి ‘నైన్’ అని నోట్లోంచి వచ్చేస్తుంది. అరవైకి ‘సెసెంతా’, డెబ్బైకి ‘సెతెంతా’. ఒక్క అక్షరం తేడాతో పదేళ్ళు పెరుగుతాయి, దానికి రోజూ సాధన చెయ్యాల్సిందే.

చుట్టరికాల పాఠం రోజున వదినగారు తెలుగులో అడిగారు, “మా అమ్మాయి అత్తగారు నాకేమవుతుందో వీళ్ళ భాషలో ఉందా?” అని. ఇంగ్లీషులో ఆ మాట లేదని ఆవిడకి ఎప్పటినుంచో బాధ. కొలంబియా అమ్మాయికి విడమర్చి చెబితే నవ్వుతూ ‘కోన్‌స్వేగ్రా!’ అంది. వియ్యపురాలు. వియ్యంకుడయితే ‘కోన్‌స్వేగ్రో’. తోడికోడలికీ తోడల్లుడికీ కూడా మాటలున్నాయి. కాకపోతే అన్నకీ తమ్ముడికీ ఒకటే ‘ఎర్మానో’, పెద్దా చిన్నా అని పక్కన చేర్చుకోవాలి. ఆ సాయంత్రమంతా వదినగారు వియ్యపురాలి గురించి స్పానిష్‌లో మాట్లాడారు. వ్యాకరణం తప్పులు చాలా ఉన్నాయి, ఆపాలని ఎవరికీ అనిపించలేదు.

కిందటి నెల పాఠంలో ఆ అమ్మాయి ‘ఎస్త్రాఞార్’ అనే క్రియ రాసింది. బోర్డు మీద ఆ ‘ఞ’ చూడగానే నా గుండె ఆగినట్టయింది. ఏదైనా, ఎవరైనా దగ్గర లేరని దిగులు పడటం. బెంగపెట్టుకోవడం. పార్కులో ఆమె నన్ను అడిగింది, మీ ఊరి మీద బెంగగా ఉందా అని. నేను తల ఊపాను. జవాబు పొరపాటున నిజమే అయింది గానీ, తిరిగి ‘మరి మీకు?’ అని అడగలేదు.

మార్చిలో మళ్ళీ వెళ్తున్నాను. వాళ్ళు ఇంకా అక్కడే ఉన్నారని, పిల్లలిద్దరూ ఒకే బళ్ళో చేరారని కోడలు చెప్పింది. నా జవాబు రాసుకుని కొలంబియా అమ్మాయికి చూపించాను. ‘ఎస్త్రాఞో మి కాసా. ఎస్త్రాఞో ఎల్ రీయో. ఎస్త్రాఞో మి ఎస్పోసో.’ ఇంటి మీద, నది మీద, మా ఆయన మీద బెంగ. మూడో వాక్యంలో ఒక తప్పుందంది. ఇంటికీ నదికీ అక్కర్లేదు గానీ, మనిషయితే ముందు ‘ఆ’ అని చేర్చాలట. ‘ఇల్లు చూశాను’ అంటాం, ‘ఆయన్ని చూశాను’ అంటాం, మనకీ మనిషి దగ్గరే కదా ‘ని’ వచ్చేది. దిద్దుకున్నాను. ‘ఎస్త్రాఞో ఆ మి ఎస్పోసో.’ దాని కింద ఇంకో వాక్యం రాసుకున్నాను. ‘ఇ ఉస్తెద్, ఆ క్యేన్ ఎస్త్రాఞా?’